మూరెడు గోడ

వడమాలపేట,
2 మార్చి 2024.

కుప్పయ్యకు,

ఫోన్లో రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ లైను బాగాలేదన్నాను. లైను బాగానే ఉంది. నాకే మాట రాలేదు. కాగితం మీదైతే రాయగలను.

ఆ రోజు జరిగింది ఇది. గురువారం. మీ అక్క తెల్లవారే లేచింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక అంత పెందలాడే లేవడం అదే మొదలు. మంచం మీద కూర్చోబెట్టమంది. కూర్చోబెట్టాను. తల దువ్వమంది. నాకు జడ వేయడం రాదు. దువ్వి ముడి వేశాను. అద్దం అడిగి తీసుకుని చూసుకుంది. తిరిగి నా చేతికి ఇచ్చింది.

నీ సంగతి అడిగింది. కేరళలో యూదుల పాత గుడికి సున్నం పని చేస్తున్నాడని చెప్పాను. ముందూ చెప్పాను, మళ్లీ చెప్పాను. "వాళ్ల గుళ్లో సామి ఎట్లుంటాడంట?" అంది. విగ్రహం ఉండదట అన్నాను. "మరి కుప్పడు పొద్దున్నే దేనికి మొక్కుతాడు?" అని నవ్వింది. ఇంకేమైనా చెప్తానేమోనని నా వంక చూసింది. నాకు అంతకు మించి తెలియదు.

రాగి అంబలి కాచి తెచ్చాను. ఒక చెంచా తాగి, "ఉప్పు లేదు" అంది. వంటింట్లోకి వెళ్లి ఉప్పు తెచ్చి, మంచం పక్కన నిలబడి కలిపాను. కలపడం అయ్యాక చూస్తే, ఆమె నా చేతినే చూస్తోంది. కాసేపటికి, చూడటం లేదని తెలిసింది.

నీకు ఫోన్ చేసింది మీ పిన్ని యశోదమ్మత్త. తెల్లవారితే అమావాస్య, పొద్దు ఉండగానే కార్యం జరగాలని పెద్దలు అన్నారు. కుప్పయ్య రైల్లో ఉన్నాడన్నాను. మళ్లీ అన్నారు. నేను మళ్లీ అనలేకపోయాను. నువ్వు రేణిగుంటలో దిగే వేళకు మేము స్నానాలు చేసి ఇల్లు చేరాం.

ఇంతే. దాచింది ఏమీ లేదు.

ఆ గుడి ఎట్లా ఉంటుందో రాయి. ఆమె అడిగిన దానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు.

మునిప్రసాద్


పని చోటు నుంచి,
18 మార్చి 2024.

బావకు కుప్పయ్య దండాలు.

జాబు చేరింది. ముడి వేసినానని రాసినారే, ఆడికి చదివి పరంజా దిగి యేటి ఒడ్డుకు పోయి కూర్చున్నాను. మా వాళ్లు భోజనానికి పిలిచినా లేయలేదు.

బావా, ఎందుకు ఆగలేదని నేను అడగలేదు. అక్క కడాకు ఏం మాట్లాడింది అని అడిగినాను. అంతే. పిన్ని ఇంకోరకంగా చెప్పిందా?

గుడి సంగతి రాయమన్నారు. పదో తరగతి తప్పినోడి రాత, ఓర్చుకోండి.

బయటి నుంచి చూస్తే గుడి అనరు, కలిగినోళ్ల పెంకుటిల్లు అంటారు. చుట్టూ ప్రహరీ. ప్రహరీకి ముందర మేడగది ఉన్న వాకిలి ఇల్లు. దాని కింద దూరి పోతే కొంచెం బయలు, ఆ తరవాత గుడి. గోడలు ఎర్రరాయి, ఈడ నేల తవ్వితే వచ్చేదే. తవ్వినప్పుడు జున్ను మాదిరి మెత్తగా ఉంటాది, గాలి తగిలితే గట్టిపడతాది.

లోపల కాలుపెట్టి నేను కదల్లేదు. పైన చెక్క కప్పు, గళ్లు గళ్లుగా. గడి గడికీ ఒక తామరపువ్వు. చెక్కినోళ్లు ఈడి వడ్రంగులే బావా. హిందువుల గుళ్లకు చెక్కిన చేతులే అవి. నడి మధ్యన చెంబు మాదిరి ఉబ్బిన చెక్క వేదిక, దానికి ఇత్తడి కడ్డీలు. ఆడ నిలబడి వాళ్ల వేదం చదివేదంట. పడమటి గోడకు ఆ వేదం పెట్టే చెక్కబీరువా ఉన్నింది. వాళ్ల జెరూసలేము ఈడికి పడమర, అందుకని ఆ దిక్కుకే మొక్కేది. ఇప్పుడు బీరువా లేదు. డెబ్బై యేండ్ల కిందట పల్లెలోని యూదులంతా ఓడెక్కి వాళ్ల దేశం పోతా, దాన్నీ తీసుకపోయినారు. గోడ మీద దాని ఆకారం మాత్రం తెలస్తా ఉండాది.

వాళ్లు పోయినాక పంచాయితీవాళ్లు బడి పెట్టినారు. బడి మారినాక ఎవరో ఎండుకొబ్బరి పోసినారు. గోడలు నూనె తాగేసినాయి. నూనె పట్టిన చోట సున్నం నిలవదు, ఎంత కొట్టినా పైకి తేలతాది. మొదలంటా గీకి పారేస్తేనే దారి. రెండు నెలలు గీకడమే సరిపోయింది.

అక్కకు చెప్పాల్సింది ఇది. సామి లేడు. గోడలే.

ఇంకొకటి. కర్మాంతరం అయినాక ఈడికి వచ్చి చేతులు ఊరికే పెట్టుకోలేకపోయినాను. వాకిలి ఇంటి మేడగదిలో, తలుపు తీస్తానే ఎదురుగోడ మీద మూరెడు చతురం పూత లేకుండా ఎర్రరాయి కనిపిస్తా ఉన్నింది. మిగతా గోడంతా పూత ఉండాది, ఆ ఒక్క చోటే లేదు. ఎవరో పని సగంలో వదిలేసినట్ల. తలుపు తీస్తానే బోడిగోడ కంట పడితే ఆ ఇంటికి మంచిది కాదని నాకు పని నేర్పిన మేస్త్రీ చెప్పేవాడు. అందుకని నేనే పూసినాను. మగ్గబెట్టిన సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు, పై పూతకు గుడ్డు తెల్లసొన. ఒక పొద్దంతా నున్నరాయితో రుద్దినాను. అక్కను తలుచుకుంటా రుద్దినాను. అతుకు యాడుండాదో ఇప్పుడు నాకే తెలీదు.

సంవత్సరీకానికి మీ ఇంటికి సున్నం నేనే కొడతాను బావా. మా ఇండ్లల్లో ఆడబిడ్డ పోయిన యేడాదికి పుట్టింటి మగోడే వచ్చి ఆ ఇంటికి సున్నం కొట్టాల. మా మేనత్తకు మా నాయన కొట్టినాడు. అందాక ఇంకెవరి కుంచె పడనీయొద్దండి.

మీ బామ్మర్ది
కుప్పయ్య


వడమాలపేట,
20 ఏప్రిల్ 2024.

కుప్పయ్యకు,

నీ జాబు పట్టుకుని గుడికి ప్లాను గీశాను. కాలేజీలో పిల్లలకు సివిల్ డ్రాయింగు చెప్పినన్ని ఏళ్లూ, కొలవని కట్టడాన్ని గీయకూడదని చెబుతూ వచ్చాను. ఇది చూడకుండానే గీసింది. దీంతోపాటు పంపుతున్నాను. తప్పులుంటే ఎర్ర పెన్సిలుతో దిద్ది పంపు. ఆడవాళ్లు ఎక్కడ కూర్చునేవారో నువ్వు రాయలేదు. వెనక భాగంలో అనుకుని గీశాను.

తిరుపతి వెళ్లినప్పుడు లైబ్రరీలో ఒక పుస్తకం దొరికింది. మలబారు యూదులు మిరియాల వ్యాపారం వెంట వచ్చారని, అక్కడి రాజులు నేల ఇచ్చారని ఉంది. అక్కడి భాషే మాట్లాడారు. ఆడవాళ్లు ఆ భాషలోనే పాటలు కట్టుకున్నారు. ఎవరూ తరమలేదు. తమ దేశం ఏర్పడిందని వాళ్లంతట వాళ్లే వెళ్లారు. ఎవరూ పొమ్మనకుండా పోయినవాళ్లు ఇల్లు తాళం వేసేటప్పుడు ఏమనుకున్నారో ఆ పుస్తకంలో లేదు.

యశోదమ్మత్త రోజూ సంగటి పంపుతోంది. వద్దంటే వినదు. గిన్నె తిరిగి ఇస్తే సరిగ్గా తోమానో లేదో వేలితో రుద్ది చూస్తుంది.

సున్నం సంగతి. ఇప్పుడేం తొందర లేదు. ఎండలు ముదిరాయి. బోరులో నీళ్లు తగ్గాయి. గోడలు బాగానే ఉన్నాయి. చూద్దాం.

మునిప్రసాద్


పని చోటు నుంచి,
28 జూన్ 2024.

బావకు,

మీ ప్లాను ఆర్కిటెక్టు అమ్మకు చూపించినాను. పని అంతా ఆమె చేతి కిందే నడిచేది. గీసినాయన ఎప్పుడు వచ్చి కొలుచుకోని పోయినాడు అని అడిగింది. రాలేదంటే నమ్మలేదు. రెండు చోట్ల ఎర్ర పెన్సిలు పెట్టినాను.

ఆడోళ్లు వెనక కాదు, పైన. ముందు గదికి మీద మేడ ఉండాది, దానికి బయటి నుంచి వేరే మెట్లు. మేడకు చెక్క జాలీ. జాలీ వెనక ఆడోళ్లు. ఇంకొక వింత. జాలీకి ముందర, మేడ మీదనే రెండో వేదిక ఉండాది. పండగ పూట చదివేటాయన కింది వేదిక వదిలి పైకెక్కి, ఆడోళ్లకు అంత దగ్గరగా నిలబడి చదివేవాడంట. ఇట్ల రెండు వేదికలు పెట్టింది ఈ మలయాళం యూదులేనంట. అక్క ఉంటే, "పోనీలే, ఒకడికైనా తోచింది" అనుండును.

వాన మొదలైంది. పెంకుల మీద పడితే లోపల ఒకరి మాట ఒకరికి వినపడదు. తడి గాలికి పూత ఆరదు. పొద్దస్తమానం కూర్చోని మలయాళం నేర్చుకుంటా ఉండాను. చేప వద్దని చెప్పేదానికి నేర్చుకున్నాను, అయినా పెడతారు.

ఇప్పుడు మనసులో మాట. మోహన్ను పంపినాను, పుత్తూరులో ఉండాడే, నా కింద పనిచేసినోడు. గోడలు చూసి, నూనె పట్టిన చోట్లు ముందే గీకి పెట్టమన్నాను. పై పూతకు నేను వస్తాననుకున్నాను. మీరు వాకిట్లో నుంచే వెనక్కి పంపేసినారంట. గుక్కెడు మజ్జిగ కూడా ఇయ్యలేదంట. పిన్ని ఫోన్లో ఏమనిందో రాస్తాను: "మీ బావ గోడకు అడ్డం నిలబడినాడు రా, గద్ద వస్తే కోడిపెట్ట రెక్కలు చాపినట్ల."

నా చెయ్యి అంత చేదైందా బావా? ఆ పొద్దు నేను రైలు దిగేసరికి అంతా అయిపోయిందే, అది మనసులో పెట్టుకోనే కదా మీరు నన్ను గోడ ముట్టుకోనీనిది? రైలు నేను నడపలేదు. మా అక్కకు నేను చేయగలిగింది ఇంకేం మిగల్లేదు. సున్నం ఒకటే మిగిలింది. అది కూడా వద్దంటే చెప్పండి.

కుప్పయ్య


వడమాలపేట,
10 జూలై 2024.

కుప్పయ్యకు,

మోహన్‌కు మజ్జిగ ఇవ్వకపోవడం తప్పు. పుత్తూరు వెళ్లినప్పుడు అతనికి చెబుతాను.

మిగతా దానికి జవాబు. ఇల్లు నాది. గోడలు నావి. సున్నం ఎప్పుడు కొట్టాలో నేను చెబుతాను.

ఆ రోజు ఆగనందుకు నీకు కోపం ఉంది. ఉండటం న్యాయమే. దాన్ని గోడల మీద చూపించవద్దు.

పై వేదిక, మేడ మెట్లు దిద్ది గీశాను. పంపుతున్నాను.

మునిప్రసాద్


పని చోటు నుంచి,
19 అక్టోబరు 2024.

బావకు,

ఇన్నాళ్లు జాబు రాయలేదు. కోపం ఉన్నింది. మీరు పంపిన బొమ్మ మడత కూడా విప్పలేదు. ఇప్పుడు రాసేది కోపం కోసరం కాదు. నాకు ఎవరిని అడగాల్నో తెలీలేదు.

ఇజ్రాయెల్ నుంచి ఆర్కిటెక్టు అమ్మకు ఒక జాబు వచ్చింది. రాసిన ఆమె పేరు రాహేలు. ఈ వాకిలి ఇంటి మేడగదిలోనే పుట్టిందంట. ఆమె నాయన గుడి తాళంచెవులు పెట్టుకున్న మనిషి, కుటుంబంతో ఆ గదిలోనే కాపురం. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఓడెక్కి పోయింది. డిసెంబరులో చూసేదానికి వస్తుందంట. జాబు చివర్లో ఒకటే అడిగింది. మా గదిలో మూరెడు బోడిగోడ ఇంకా ఉండాదా అని.

ఆర్కిటెక్టు అమ్మ పుస్తకాలు తీసి చూసి చెప్పింది. వాళ్ల పెద్దగుడి ఎప్పుడో రెండువేల యేండ్ల కిందట జెరూసలేములో కూలిపోయింది. అది మరిచిపోకుండా ఉండేదానికి, వాళ్లల్లో ఎవరు ఇల్లు కట్టినా తలుపుకు ఎదురుగోడ మీద మూరెడు చతురం పూత పూయకుండా వదిలేస్తారంట. గుడికి కాదు, మనుషులు కాపురముండే ఇంటికి. ఎంత కలిగినోడైనా సరే. తలుపు తీస్తానే కనపడాలంట. అది సగంలో వదిలేసిన పని కాదు బావా. కావాలని వదిలింది.

నేను పూసేసినాను. గుడ్డు తెల్లసొనతో మెరుగు పెట్టి మరీ పూసినాను.

ఆర్కిటెక్టు అమ్మ తిట్టలేదు. ఆమె కూడా ముందు చూసుకోలేదంట. ఆ రాహేలమ్మ వచ్చేలోపల గీకేసి, అంచులు మళ్లీ కత్తితో కోసి పెట్టమంటుంది. కొయ్యగలను. గీకితే లోపల పాత రాయే కదా వచ్చేది, వచ్చినామెకు తేడా తెలీదు. గీకే రేకు పట్టుకోని మేడ ఎక్కినాను కూడా. చెయ్యి రాలేదు. అక్కకోసరం పూసిన గోడ. పూసిందీ తప్పే, ఇప్పుడు గీకాలన్నా తప్పు చేస్తా ఉన్నట్లే ఉండాది.

మీరు చదువుకున్నోరు. కట్టడాలు తెలిసినోరు. ఏం చేయమంటారు?

కుప్పయ్య


వడమాలపేట,
3 నవంబరు 2024.

కుప్పయ్యకు,

జాబు చేరి వారమైంది. ఒకసారి రాసి చింపాను. ముందు నా గోడ సంగతి చెప్పాలి. అది చెప్పకుండా నీ గోడకు సలహా ఇవ్వలేను.

మా వసారాలో వంటింటి తలుపుకు పక్కగా ఉన్న గోడ నీకు తెలుసు. పని అయ్యాక మధ్యాహ్నం మీ అక్క అక్కడే కూర్చునేది. చింతపండు గింజలు తీసినా, కందులు చెరిగినా, ఊరికే ఉన్నా అక్కడే. కాళ్లు చాపుకుని తల గోడకు ఆనించేది. కాపురానికి వచ్చినప్పటి నుంచి అంతే. తలనూనె గోడకు పట్టి మచ్చ పడింది. సున్నం కొట్టించిన ప్రతిసారీ కొన్నాళ్లకు పైకి తేలేది. ఆమెకు అది సిగ్గు. ఎవరైనా వస్తే దానికి అడ్డంగా కూర్చుని కప్పేది. "ఈ మచ్చ పోయే మందు మీ సివిల్ పుస్తకాల్లో లేదా?" అని నన్ను దెప్పేది.

ఇప్పుడు మధ్యాహ్నం నేను దానికి ఎదురుగా కుర్చీ వేసుకుంటున్నాను. ఎండాకాలంలో గోడ వేడెక్కి, దగ్గరికి వెళితే కొబ్బరినూనె వాసన వచ్చేది. వానలు పడ్డాక తగ్గింది.

నూనె పట్టిన గోడను మొదలంటా గీకాలని నువ్వు రాశావు. పనివాడిగా రాశావు, అది నిజమే. అది చదివాక నిన్ను రమ్మని రాయడం నా వల్ల కాలేదు. మోహన్ రేకు చేత్తో పట్టుకుని నేరుగా దాని దగ్గరికే వెళ్లాడు. అతని తప్పు లేదు.

నీ మీద కోపం లేదు. ఏ రోజూ లేదు. నీకే నా మీద ఉందనుకున్నాను. మచ్చ సంగతి ఫోన్లో చెప్పవచ్చు. చెబితే వినేవాళ్లకు నవ్వు వస్తుందేమో అనిపించింది.

ఇక నీ గోడ. రాహేలు వచ్చేదాకా ముట్టుకోవద్దు. గీకి, అంచులు కోసి, పాతదే అని చూపించవద్దు. నేనే పూశానని చెప్పు. ఏం చేయాలో ఆమెను అడుగు. గీకడం ఎప్పుడైనా గీకవచ్చు.

అంతవరకే నాకు తెలుసు.

మునిప్రసాద్


పని చోటు నుంచి,
2 జనవరి 2025.

బావకు,

మీ జాబు నా చొక్కా జేబులోనే ఉండాది. దానికి జవాబు వెంటనే రాయాలనుకున్నాను. రాహేలమ్మ వచ్చి పోయినాక రెండిటికీ కలిపి రాద్దామని ఆగినాను.

మొన్న ఆదివారం వచ్చింది. ఒంటరిగా వచ్చింది. మా పిన్ని ఈడుది, చేతికర్ర. ముందు గుడి చూసింది. కింది వేదిక కడ్డీలను ఒకటొకటే పట్టుకోని చుట్టూ తిరిగింది. పడమటి గోడ దగ్గర, బీరువా ఆకారం ముందర కర్ర పక్కన పెట్టి నిలబడింది. అప్పుడు మేమంతా బయటికి వచ్చేసినాము.

మేడ ఎక్కడం ఆమె చేత కాదులే అనుకున్నాను. నా భుజం పట్టుకోని ఎక్కింది. ఆమె మరిచిపోగా మిగిలిన మలయాళం కొంచెం, నేను నేర్చుకున్నది కొంచెం. ఇద్దరికీ సరిపోయింది. తలుపు నేనే తీసినాను. ఆమె ఎదురుగోడను శానాసేపు చూసింది.

"యాడికి పోయింది?" అనింది.

"నేను పూసేసినాను తల్లీ."

"నువ్వేనా?"

"నేనే. ఎవరో పని సగంలో ఇడిసిపెట్టి పోయినారనుకున్నాను."

తిడతాదని తల వంచుకోని ఉండాను. ఆమె పోయి గోడ మీద చెయ్యి పెట్టి రుద్దింది. "ఎంత నున్నగా ఉండాది" అనింది. "మా అమ్మ చూసింటే నీకు ఒక పూట అన్నం పెట్టుండును. చుట్టాలొస్తే సిగ్గుగా ఉండాది, ఆ కాస్త కూడా పూసెయ్యరాదా అని మా నాయనతో యేడాది పొడుగూ కొట్లాట."

ఆర్కిటెక్టు అమ్మ ముందుకొచ్చి, మీరు ఊరు దాటేలోపల గీకించేస్తాం అనింది. రాహేలమ్మ చెయ్యి అడ్డం ఊపి నన్ను అడిగింది.

"ఈ గదిలో ఇప్పుడు కాపురం ఎవరు?"

"ఎవరూ లేరు తల్లీ. రేపటి నుంచి టిక్కెట్టు పెడతారు. చూసేదానికి వస్తారు, పోతారు."

"మరి ఎవరి కోసరం గీకేది? అది ఇంట్లో ఉండేవాళ్లకు. అన్నం తినేటప్పుడు, పిల్లల్ని తిట్టేటప్పుడు, రోజూ కంట్లో పడాల. కాపురం లేని గదిలో రాయి చూపించి ఏం చేసుకుంటారు? నువ్వు గీకితే అది నువ్వు గీకినట్లు. మా నాయన వదిలినట్లు కాదు."

"మరి మీ నాయనది?"

"మా నాయన ఆడికి పోయినాక ఆడ ఇల్లు కట్టినాడు. ఆడా వదిలినాడు. మన దేశానికే వచ్చేసినాం కదా, ఇంకేం గుర్తు చేసుకునేదని పక్కింటోళ్లు అంటే, 'పల్లె గుర్తు చేసుకుంటాలే' అన్నాడు. నా ఇంట్లోనూ ఉండాది. దాని మీద మా మనవడు క్యాలెండరు తగిలిస్తాడు. నేను తీస్తాను. మళ్లా తగిలిస్తాడు."

అప్పుడు నేను ఎందుకు పూసినానో చెప్పినాను. చెప్పకూడదనుకున్నాను, వచ్చేసింది. ఆమె గోడ మీది చెయ్యి తీయకుండా విన్నది.

"మీ అక్క పేరేం?"

"పంకజాక్షి."

"మా ఎదురింట్లో ఒక పంకజాక్షి ఉండేది" అనింది. "నాకు చింతకాయలు పెట్టేది." గోడ అట్లనే ఉండనీ అని ఆర్కిటెక్టు అమ్మకు చెప్పి, నా భుజం పట్టుకోని దిగింది.

బావా, ఇప్పుడు మీ గోడ. మచ్చ చూసినాను నేను. ఎన్నోసార్లు చూసినాను. అక్క దానికి అడ్డం కూర్చునేది కూడా చూసినాను. కానీ నేను పనోడిని. గోడ మీద మచ్చ చూస్తే ఎట్ల పోగొట్టాల్నో తోస్తాది, అది ఎవరిదో తోచదు. మీ జాబు చదివినాక తోచింది.

రేకు తేను. కుంచె ఒకటే తెస్తాను. యాడ ముట్టుకోవాల్నో, యాడ వద్దో మీరు చెప్పినట్లే చేస్తాను. అసలే వద్దంటే సంవత్సరీకం పూట అందరి మాదిరి వచ్చి, కూర్చోని, తిని పోతాను. నాకేం కోపం ఉండదు.

రమ్మంటే మాత్రం గుల్లసున్నం చూసి పెట్టండి. బస్తా సున్నం వద్దు, అక్క ఇంటికి అది కొట్టను. తడ అవతల పులికాట్ ఒడ్డున ఇంకా గుల్లలు కాలుస్తా ఉండారు, తడలో దొరకతాది. ఎంత కావాల్నో మీరే లెక్కెయ్యండి, ఆ ఇంటి కొలతలు మీకు తెలిసినట్ల నాకు తెలీదు.

కుప్పయ్య


వడమాలపేట,
17 జనవరి 2025.

కుప్పయ్యకు,

రా.

సంవత్సరీకం ఇరవై ఎనిమిదో తేదీ, మంగళవారం. నాలుగు రోజుల ముందు చేరితే పని నిదానంగా జరుగుతుంది. మోహన్‌ను కూడా పిలువు. మజ్జిగ నేను ఇస్తాను.

నీ జాబు వసారాలో కూర్చుని చదివాను. ఎవరూ ఉండని గదికి ఆ గోడ అక్కరలేదని రాహేలమ్మ చెప్పింది సరైన మాట. ఈ ఇంట్లో మనిషి ఉన్నాడు. అన్నం తింటాడు. తిట్టడానికి పిల్లలు లేరు. తక్కినదంతా సరిపోతుంది.

ఎదురింటి పంకజాక్షి సంగతి రెండుసార్లు చదివాను. మన ఊళ్లలో ఆ పేరు తగ్గిపోయింది. మీ అక్కకు ఆ పేరంటే ఇష్టం ఉండేది కాదు, పలకడానికి పొడుగని. ఏటి ఒడ్డున, ఆ మేడగదిలో, కర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ దాన్ని పూర్తిగా పలికిందని చెబితే ఏమనేదో. చెప్పాలని ఉంది. ఇట్లాంటివి రోజుకు ఒకటి రెండు తోస్తాయి. వంటింటి వైపు తిరిగి నోరు తెరుస్తాను.

నిన్న యశోదమ్మత్త వచ్చింది. నువ్వు సున్నం కొట్టడానికి వస్తున్నావంటే సంతోషించింది. "ఈసారన్నా ఆ మచ్చ పోతాదా?" అంది. పోదు, పోనివ్వను అన్నాను. నా వంక ఒకసారి, గోడ వంక ఒకసారి చూసింది. తర్వాత పోయి అక్కడ కూర్చుంది. తల ఆనించలేదు. కొంచెం పక్కకు జరిగి కూర్చుంది. "ఈడనే కదప్పా అది నా తల్లో పేలు చూసింది" అంది. కాసేపు అక్కడే ఉండి, ముక్కు చీదుకుని, గిన్నె అడిగి తీసుకుని వెళ్లింది. గిన్నెను వేలితో రుద్ది చూడలేదు.

వంటిల్లు, పడకగది, వసారా, వాకిలి, అన్నీ నీ ఇష్టం. ఎంత తెల్లగా కొట్టినా సరే. నా షరతు ఒకటే, అది నీకు తెలుసు.

గోడలన్నీ టేపు పట్టి కొలిచాను. లెక్కలోంచి తలుపులు, కిటికీలు తీసివేశాను. వసారా గోడలో మూరెడు చతురం కూడా తీసివేశాను. రేపు పొద్దున తొలి బస్సుకు పుత్తూరు మీదుగా తడకు వెళ్తాను. ఆ తగ్గించిన లెక్కకు సరిపోయేంతే గుల్లసున్నం తెస్తాను.

మీ బావ,
మునిప్రసాద్